సెకండ్ హ్యాండ్ పికప్ ట్రక్ కొంటున్నారా? ముందు అది ఏం పని చేసి వచ్చిందో తెలుసుకోండి

అమెరికాలో వాడిన క్యామ్రీనో అకార్డ్‌నో కొన్న అనుభవం ఉన్నవాళ్ళు ట్రక్ కూడా అలాగే కొనొచ్చు అనుకుంటారు. మైలేజీ చూస్తారు, కార్‌ఫ్యాక్స్ (బండి చరిత్ర నివేదిక) తీస్తారు, వీధి చుట్టూ ఒక రౌండ్ నడుపుతారు, బేరం ఆడి సంతకం పెట్టేస్తారు. కారుకి అది చాలావరకు సరిపోతుంది. ఎందుకంటే కార్ల జీవితాలన్నీ దాదాపు ఒకటే: ఇల్లు, ఆఫీసు, బడి, కాస్ట్‌కో. ట్రక్ సంగతి అలా కాదు. ఒకే ఏడాది, ఒకే మోడల్, ఒకే 90,000 మైళ్ళు ఉన్న రెండు ఎఫ్-150లు పక్కపక్కన పెట్టినా, ఒకటి రిటైరైన పెద్దాయన వారానికి రెండుసార్లు బయటికి తీసింది కావచ్చు. రెండోది టెక్సస్‌లో మిడ్‌ల్యాండ్ వైపు చమురు బావుల దగ్గర ఎండలో రోజంతా ఏసీ వేసుకుని ఇంజిన్ ఆపకుండా నిలబడింది కావచ్చు. కడిగి పాలిష్ పెడితే రెండూ ఒకేలా మెరుస్తాయి, ధర కూడా ఒకటే అడుగుతారు.

అందుకే కింద చెప్పిన ప్రతి మెట్టులోనూ మీరు వెతకాల్సింది ఒక్క ప్రశ్నకి జవాబు: ఈ బండి ఇంతవరకు ఏం పని చేసింది? నేను టెక్సస్‌లో ఉంటాను కాబట్టి పన్నులు, కాగితాల సంగతి ఇక్కడి లెక్కలో చెప్తాను. మిగతాదంతా ఏ రాష్ట్రంలోనైనా ఒకటే.

1. మీకు నిజంగా ఎంత ట్రక్ కావాలో తేల్చుకోండి

ఏడాదికి రెండుసార్లు సోఫా మోయడానికో, తోటకి మట్టి తెచ్చుకోవడానికో అయితే కొనకండి. హోమ్ డిపోలో గంటల లెక్కన ట్రక్ అద్దెకిస్తారు. ట్రావెల్ ట్రైలరో బోటో లాగాలన్నా, ఊరి బయట స్థలం కొని అక్కడ కంచె, గొట్టాలు, మేత మోయాలన్నా, చేసే వ్యాపారానికి కావాలన్నా, అప్పుడు ఫుల్ సైజ్ గురించి ఆలోచించండి.

పేర్లలో ఉండే అంకెలు ముందు అర్థం చేసుకోండి. ఫోర్డ్ ఎఫ్-150, షెవర్లే సిల్వరాడో 1500, జీఎంసీ సియెర్రా 1500, రామ్ 1500, టొయోటా టండ్రా, ఇవన్నీ హాఫ్ టన్ తరగతి. 250, 2500 అంటే ముప్పాతిక టన్, 350, 3500 అంటే వన్ టన్. ఈ టన్నుల లెక్క పాతకాలం నుంచి వస్తున్న వాడుక మాత్రమే, ఇప్పటి హాఫ్ టన్ బళ్ళు అంతకంటే ఎక్కువే మోస్తాయి. ఇంటి అవసరానికి హాఫ్ టన్ చాలు. ఎక్కువ బలం ఉంటే మంచిదే కదా అని 2500 కొంటే గతుకుల్లో నడుము విరిగేలా ఉంటుంది, టైర్లూ బ్రేకులూ అన్నీ ఖరీదే.

ఆ తర్వాత క్యాబ్ (మనుషులు కూర్చునే భాగం), బెడ్ (వెనక సామాను పెట్టే తొట్టి). పిల్లలుంటే నాలుగు పూర్తి తలుపులున్న క్రూ క్యాబ్ తప్ప వేరేది చూడకండి. ఫోర్డ్ దాన్ని సూపర్‌క్రూ అంటుంది, టొయోటా క్రూమ్యాక్స్ అంటుంది. సూపర్‌క్యాబ్, క్వాడ్ క్యాబ్, డబుల్ క్యాబ్ అన్న పేర్లు వింటే వెనక సీటులో కార్ సీట్ పెట్టి చూడకుండా మాట ఇవ్వకండి. బెడ్ సుమారుగా ఐదున్నర, ఆరున్నర, ఎనిమిది అడుగుల కొలతల్లో వస్తుంది. క్రూ క్యాబ్, పొట్టి బెడ్ కలిసినా బండి మొత్తం పొడవు 19 అడుగులు దాటుతుంది. మన సబ్‌డివిజన్ ఇళ్ళ గ్యారేజీలో వాటర్ హీటర్, ఫ్రిజ్, బియ్యం బస్తాలు పోగా ఎంత మిగిలిందో టేపు పెట్టి కొలవండి. బయట డ్రైవ్‌వేలో పెడదాం అంటే మీ హెచ్‌వోఏ (ఇళ్ళ యజమానుల సంఘం) నిబంధనలు చదవండి. కొన్ని చోట్ల కంపెనీ బోర్డు రాసిన ట్రక్కులు, సైడ్‌వాక్ మీదికి వచ్చే బళ్ళు ఒప్పుకోరు.

ఇప్పుడు అసలు లెక్క. దీన్ని చాలామంది పట్టించుకోరు. ప్రకటనల్లో 13,000 పౌండ్లు లాగుతుంది, 14,000 లాగుతుంది అని వేస్తారు. అది ఆ మోడల్‌లో ఏదో ఒక ప్రత్యేకమైన కూర్పుకి వచ్చే అంకె. మీ ముందున్న బండి ఎంత మోస్తుందో దాని డ్రైవర్ తలుపు తెరిస్తే, పక్కన అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదు అని రాసి ఉంటుంది. దాన్నే పేలోడ్ అంటారు. ఉదాహరణకి అది 1,500 పౌండ్లు అనుకుందాం. మీరు 7,000 పౌండ్ల ట్రావెల్ ట్రైలర్ లాగాలనుకున్నారు. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద నేరుగా పడుతుంది, అంటే 700 నుంచి 1,050. మధ్యలో 900 అనుకోండి. నలుగురు మనుషులు 600. అక్కడికే 1,500 అయిపోయింది. కూలర్, కుర్చీలు, గ్యాస్ స్టవ్, ఇడ్లీ రవ్వ డబ్బా పెట్టడానికి ఒక్క పౌండ్ కూడా మిగల్లేదు. లాగే శక్తి ఇంకా బోలెడు ఉన్నా మోసే శక్తి ముందే అయిపోతుంది. లెదర్ సీట్లు, సన్‌రూఫ్, ఫోర్ వీల్ డ్రైవ్ ఎక్కువయ్యేకొద్దీ బండి సొంత బరువు పెరిగి ఈ అంకె తగ్గుతుంది. ఒకే మోడల్‌లో సాదా ట్రక్ ఖరీదైన ట్రిమ్ కంటే ఎక్కువ మోయడానికి కారణం అదే. అమ్మేవాళ్ళని ఫోన్లోనే ఆ స్టిక్కర్ ఫోటో పంపమని అడగండి.

దానితోపాటు యాక్సిల్ రేషియో (యాక్సిల్ గేర్ల నిష్పత్తి, అంకె పెద్దదైతే లాగే బలం ఎక్కువ) కూడా కనుక్కోండి. 3.21 ఉన్న రామ్, 3.92 ఉన్న రామ్ బయటికి కవలల్లా ఉంటాయి గానీ లాగే బరువులో వేల పౌండ్ల తేడా ఉంటుంది.

2. ఏ ఇంజిన్‌కి ఏ జబ్బో తెలుసుకుని వెళ్ళండి

ఫోర్డా షెవీనా అన్న వాదన ఇక్కడివాళ్ళకి తరతరాలుగా ఉంది. మనకి ఆ పట్టింపు అక్కర్లేదు. ప్రతి కంపెనీలోనూ మంచి ఇంజిన్ ఉంది, ఖర్చు తెచ్చే ఇంజిన్ కూడా ఉంది. ఏ ఏడాది బండికి ఏ ఇంజిన్ అన్నదే చూడండి.

ఎఫ్-150: 2015 మోడల్ నుంచి బాడీ అల్యూమినియం. తలుపులకి, బెడ్‌కి ఎర్ర తుప్పు రాదు, కానీ కింద ఫ్రేమ్ ఉక్కుదే, అది తుప్పు పడుతుంది. 2004 నుంచి 2010 దాకా వచ్చిన 5.4 లీటర్ల త్రీ వాల్వ్ ట్రైటన్ ఇంజిన్ చవగ్గా దొరికినా వదిలేయండి. వాల్వులు తెరుచుకునే సమయాన్ని సర్దే క్యామ్ ఫేజర్ల గొడవ ఒకటి, 2008 దాకా వచ్చినవాటిలో స్పార్క్ ప్లగ్గులు తీస్తుంటే లోపలే విరిగిపోవడం ఇంకొకటి. 3.5 లీటర్ల ఎకోబూస్ట్ బలమైన ఇంజిన్, ట్రైలర్ లాగేవాళ్ళకి బాగా నచ్చుతుంది. కానీ 2017 నుంచి 2020 మధ్యవాటిలో చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లు గరగరమని శబ్దం వస్తే ఫేజర్లు మార్చాలి, వేల డాలర్ల పని. 5.0 లీటర్ల వీ8 నాకు ఇష్టమైనది, కానీ 2018 తర్వాత కొన్ని నూనె తాగుతాయి, డిప్‌స్టిక్ తీసి చూడాల్సిందే. తేలిక పనులకైతే 2.7 ఎకోబూస్ట్ చాలామంది అనుకునేదానికంటే మెరుగైన ఎంపిక. 2017లో మొదలైన 10 గేర్ల ట్రాన్స్‌మిషన్ ఏ ఇంజిన్‌తో వచ్చినా, గేర్ మారేటప్పుడు కుదుపు ఉందేమో నడిపినప్పుడు గట్టిగా గమనించండి.

సిల్వరాడో, సియెర్రా: ఎక్కువగా కనిపించేది 5.3 లీటర్ల వీ8. పెట్రోలు పొదుపు కోసం కొన్ని సిలిండర్లని ఆపేసే ఏర్పాటు ఉంటుంది, దాని లిఫ్టర్లు (వాల్వులని కదిపే భాగాలు) పాడవడం ఈ ఇంజిన్‌కున్న పేరుమోసిన జబ్బు. టిక్ టిక్ శబ్దం, మిస్‌ఫైర్ దాని లక్షణాలు. 2014 నుంచి 2018 బళ్ళలో ఏసీ కండెన్సర్ లీకవడం మామూలు, టెక్సస్ ఆగస్టులో అది చిన్న విషయం కాదు. 2015 నుంచి 2019 మధ్య వచ్చిన 8 గేర్ల ట్రాన్స్‌మిషన్లలో కొన్ని హైవే అంచు రంబుల్ స్ట్రిప్ మీద పోతున్నట్టు వణుకుతాయి. ఫ్లూయిడ్ మార్చారా, ఎప్పుడు మార్చారు అని రశీదు అడగండి. 6.2 లీటర్ల ఇంజిన్ ఉన్న 2021 నుంచి 2024 బళ్ళకి 2025 ఏప్రిల్‌లో పెద్ద రీకాల్ వచ్చింది, అమెరికాలోనే దాదాపు 6 లక్షల బళ్ళు. క్రాంక్‌షాఫ్ట్, బేరింగుల లోపం. పరీక్షలో పాసైన బళ్ళకి చిక్కటి 0డబ్ల్యూ-40 నూనె పోసి, ఆయిల్ మూత కూడా కొత్తది పెట్టారు. మూత మీద ఏం రాసుందో చూస్తే రీకాల్ పని అయిందో లేదో అక్కడే కొంత తెలిసిపోతుంది.

రామ్ 1500: లోపల కూర్చుంటే అన్నింటికంటే హాయిగా ఉండేది ఇదే. 5.7 హెమీ ఇంజిన్‌లో టిక్ శబ్దానికి రెండు కారణాలు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టు విరిగి ఉంటే ఇంజిన్ వేడెక్కాక శబ్దం తగ్గుతుంది; అది భరించగలిగే ఖర్చు. వేడెక్కినా తగ్గకపోతే లిఫ్టర్లు, క్యామ్‌షాఫ్ట్ అనుకుని పక్కకి తప్పుకోండి. ఎయిర్ సస్పెన్షన్ ఉన్నదైతే పైకీ కిందికీ లేపించి చూడండి. ఇంకో సంగతి, 2019లో కొత్త రూపం వచ్చాక కూడా పాత రూపాన్ని రామ్ 1500 క్లాసిక్ పేరుతో 2024 దాకా అమ్మారు. ఒకే ఏడాది రామ్‌లు రెండు వేరువేరు ధరల్లో కనిపిస్తే కారణం ఇది. ఎకోడీజిల్ అనే డీజిల్ ఇంజిన్ జోలికి మాత్రం వెళ్ళొద్దని నా సలహా.

టండ్రా: 2007 నుంచి 2021 దాకా వచ్చిన 5.7 వీ8 మొండిది, ఎంతకాలమైనా నడుస్తుంది, పెట్రోలు మాత్రం బాగా తాగుతుంది. టెక్సస్‌లోనే, శాన్ ఆంటోనియోలో తయారవుతుంది. మనవాళ్ళకి టొయోటా మీద గురి ఎక్కువ కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెప్తున్నాను: 2022లో వీ8 తీసేసి ట్విన్ టర్బో వీ6 పెట్టారు. 2022, 2023 బళ్ళకి, ఇంజిన్ లోపల తయారీలో మిగిలిన లోహపు రజను వల్ల 2024 మేలో రీకాల్ వచ్చింది. లెక్సస్ ఎల్‌ఎక్స్‌తో కలిపి దాదాపు లక్ష బళ్ళు. పేరు చూసి కళ్ళు మూసుకుని కొనే రోజులు ఈ మోడల్‌కి లేవు.

3. ఎక్కడ వెతకాలి

ఇండియా తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేవి ఎక్కువగా క్యామ్రీలు, ఒడిస్సీలే. ట్రక్ కోసం ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, క్రెయిగ్స్‌లిస్ట్, ఆటోట్రేడర్, డీలర్లు చూడక తప్పదు. నగరాలు, కౌంటీలు తమ పాత బళ్ళని గవ్‌డీల్స్ లాంటి చోట్ల వేలం వేస్తాయి. వాటికి సర్వీసు క్రమం తప్పకుండా జరుగుతుంది గానీ గంటలు గంటలు ఐడ్లింగ్‌లో (కదలకుండా ఇంజిన్ నడుస్తూ) ఉంటాయి, పైగా ముందు నడిపి చూడనివ్వరు. మొదటిసారి కొనేవాళ్ళకి నేను సొంత ఓనర్ దగ్గరే కొనమంటాను. ఆయన ఇంటి ముందు, ఆయన డ్రైవ్‌వేలో బండిని చూస్తే ఆ మనిషి దాన్ని ఎలా చూసుకున్నాడో సగం అర్థమవుతుంది.

లోన్ కావాలంటే బండి వెతకకముందే మీ బ్యాంకులోనో క్రెడిట్ యూనియన్‌లోనో ముందస్తు ఆమోదం తీసుకోండి. సొంత ఓనర్ దగ్గర కొనడానికి అందరూ లోన్ ఇవ్వరు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకి కొందరు వీసా గడువుని బట్టి లోన్ కాలం కుదిస్తారు. ఈ రెండూ మొదటి ఫోన్‌లోనే అడిగేయండి.

4. కదలకముందే విన్ నంబర్‌తో పని మొదలుపెట్టండి

బండి గుర్తింపు సంఖ్య అయిన 17 అక్షరాల విన్ నంబర్ ఇవ్వడానికి వెనకాడేవాళ్ళ బండి చూడటానికి వెళ్ళకండి. అందులో పదో అక్షరం మోడల్ ఏడాది: జె అంటే 2018, కె 2019, ఎల్ 2020, ఎం 2021. ఫెడరల్ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో ఆ నంబర్ కొడితే ఇంకా చేయించని రీకాల్‌లు ఉచితంగా కనిపిస్తాయి. దొంగ బండా, సాల్వేజ్ (బాగా దెబ్బతిని ఇన్సూరెన్స్ కంపెనీ వదిలేసిన) బండా అన్నది ఇన్సూరెన్స్ మోసాలని పట్టే సంస్థ ఎన్‌ఐసీబీ విన్‌చెక్‌లో ఉచితంగా చూడొచ్చు. ఆ తర్వాత డబ్బు కట్టి కార్‌ఫ్యాక్స్ తీయండి.

కార్‌ఫ్యాక్స్‌లో యాక్సిడెంట్ ఉందా లేదా అని మాత్రమే చూసి మూసేయకండి. ఊళ్ళ పేర్లు చదవండి. మిషిగన్, ఒహాయో, న్యూయార్క్, పెన్సిల్వేనియా అయితే చలికాలం రోడ్ల మీద చల్లిన ఉప్పు ఫ్రేమ్‌ని తిని ఉంటుంది. 2017 ఆగస్టులో హ్యూస్టన్ చుట్టుపక్కల రిజిస్టరై, ఆ తర్వాత కొన్ని నెలలకే వేరే రాష్ట్రంలో టైటిల్ (యాజమాన్య పత్రం) మారితే హార్వీ తుఫాను వరద గుర్తు తెచ్చుకోండి. ఓనర్ రకం దగ్గర కమర్షియల్ అనో ఫ్లీట్ అనో ఉంటే అది పని బండి. ఎఫ్-150 ఎక్స్‌ఎల్, సిల్వరాడో డబ్ల్యూటీ, రామ్ ట్రేడ్స్‌మన్ అనే తెల్ల బళ్ళు ఎక్కువగా ఇలా వచ్చేవే. పని బండి అని తీసిపారేయక్కర్లేదు. సర్వీసు రశీదులుంటే కొన్నిసార్లు అవే మేలు.

ఫోన్లో ఈ ప్రశ్నలు అడగండి. ఎన్నాళ్ళ నుంచి మీ దగ్గరుంది? దీంతో ఏం లాగారు? టైటిల్ మీ పేరు మీదే, మీ చేతిలోనే ఉందా? చివరగా ఒక కోరిక కోరండి: నేను వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకండి.

5. బండి దగ్గర: ఇంజిన్ ఆపి ఉండగా చూడాల్సినవి

పగటిపూట వెళ్ళండి. టార్చి, పాత దుప్పటి, ఒక అయస్కాంతం, బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే, ఇరవై ముప్పై డాలర్లకి దొరికే ఓబీడీ స్కానర్ వెంట తీసుకెళ్ళండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు వినకూడని శబ్దం ఏదో ఉందని అనుమానించాలి. ఇంకోరోజు పొద్దున వస్తానని చెప్పండి.

దుప్పటి పరిచి కిందికి దూరండి. ట్రక్ అంటే ఫ్రేమ్. తలుపులు, బంపర్లు, ఇంజిన్ కూడా మార్చుకోవచ్చు, ఫ్రేమ్ పోతే బండి పోయినట్టే. పైపైన ఎర్రటి పొడి ఉంటే ఫర్వాలేదు. పొరలు పొరలుగా ఊడుతున్నా, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగుతున్నా లేచి ఇంటికి వెళ్ళిపోండి. వెనక చక్రాల పైన, స్ప్రింగులు బిగించిన చోట, స్పేర్ టైర్ చుట్టూ ముఖ్యంగా చూడండి. మొత్తం ఫ్రేమ్‌కి కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే అది శుభ్రత అని మురిసిపోకండి, కింద ఏముందో దాచడానికి కూడా కొడతారు. స్పేర్ టైర్ అసలు ఉందో లేదో, దాన్ని దించే చైన్ పనిచేస్తోందో కూడా అప్పుడే చూసేయండి. తుప్పుపట్టి బిగుసుకుపోయిన సంగతి హైవే మీద టైర్ పేలినప్పుడు తెలిస్తే ఏం లాభం.

తర్వాత బెడ్. లైనర్ ఊడదీయగలిగేదైతే తీసి చూడండి. బెడ్ నేల మధ్యలో పెద్ద రంధ్రాలు, వాటికి మూతలు ఉన్నాయంటే గూస్‌నెక్ ట్రైలరో ఫిఫ్త్ వీలో (బెడ్ మధ్యలో తగిలించే పెద్ద ట్రైలర్లు) లాగింది. హిచ్ లోపల రంగు అరిగి లోహం మెరుస్తుంటే, బాల్ మౌంట్ ఆనిన చోట గుంటలుంటే, స్టీరింగ్ కింద ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ స్క్రూల రంధ్రాలుంటే, "ఎప్పుడూ ఏమీ లాగలేదండీ" అన్న మాట నమ్మకండి. లాగడం తప్పేమీ కాదు, దాచడం తప్పు. ఒక విషయంలో అబద్ధం చెప్పిన మనిషి ఆయిల్ మార్చానని చెప్పినప్పుడు కూడా అలాగే చెప్పి ఉండొచ్చు.

ఎత్తు లేపిన ట్రక్కులు మన పిల్లలకి తెగ నచ్చుతాయి. ఆరు అంగుళాలు లేపి పెద్ద టైర్లు వేస్తే బాల్ జాయింట్లు, ముందు యాక్సిళ్ళు తొందరగా అరుగుతాయి, మైలేజీ పడిపోతుంది. స్పీడోమీటర్‌ని కొత్త టైర్లకి తగ్గట్టు సరిచేయకపోతే ఓడోమీటర్ చూపే మైళ్ళు నిజం కంటే తక్కువ. కంపెనీ ఎత్తులో ఉన్నదే కొనండి.

టైర్ల మీద డీవోటీ అక్షరాల చివర నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్ళు దాటిన టైర్లకి గాట్లు లోతుగా ఉన్నా మార్చాల్సిందే, నాలుగూ కలిపి సులువుగా వెయ్యి డాలర్లు దాటుతుంది. బేరంలో ఇది మీ చేతిలో ఆయుధం. అయస్కాంతాన్ని స్టీలు బాడీ మీద ఆనిస్తూ పోతే పుట్టీ పూసిన చోట అతుక్కోదు. అల్యూమినియం ఎఫ్-150 మీద అది ఎలాగూ అతుక్కోదు, కంగారు పడకండి.

లోపల సీటు బెల్టుని చివరిదాకా లాగండి. బురద గీత, బూజు వాసన ఉంటే వరద బండి. సీటు బోల్టుల తుప్పు, డాష్‌బోర్డ్ కింద వైర్ల దగ్గర సన్నటి మట్టి చూడండి. వెనక అద్దం పైన, రూఫ్ గుడ్డ మీద మరకలుంటే మూడో బ్రేక్ లైట్ సీల్ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

ఇక నేను అన్నింటికంటే ఎక్కువగా నమ్మే అంకె, ఇంజిన్ గంటలు. ఫోర్డ్, జీఎం, రామ్ మూడింటిలోనూ డాష్‌బోర్డ్ మెనూలో దొరుకుతుంది. ఎఫ్-150లో ఐడిల్ గంటలు విడిగా కూడా చూపిస్తుంది. మైళ్ళని గంటలతో భాగించండి. 90,000 మైళ్ళు, 2,500 గంటలు అయితే సగటున గంటకి 36 మైళ్ళు, అంటే మామూలుగా రోడ్డు మీద తిరిగిన బండి. అదే 90,000 మైళ్ళకి 6,000 గంటలుంటే సగటు 15. ఆ ఇంజిన్ వేల గంటలు నిలబడిన చోటే తిరిగింది. ఓడోమీటర్‌కి ఆ సంగతి తెలియదు, నూనె మార్పిడి మైళ్ళ లెక్కన చేసి ఉంటే సగం కూడా చేయనట్టే. అది 90,000 మైళ్ళ బండి కాదు, రెట్టింపు పైన అరిగిన ఇంజిన్ అనుకుని ధర కట్టండి, లేకపోతే వదిలేయండి.

6. స్టార్ట్ చేసి, నడిపి

రేడియో, ఏసీ ఆపేయండి. అమ్మే ఆయన్ని లోపల తాళం తిప్పమని మీరు బానెట్ దగ్గర నిలబడండి. మొదటి మూడు సెకన్ల శబ్దం చెప్పేది తర్వాత అరగంట నడిపినా తెలియదు. నీలి పొగ వస్తే నూనె మండుతోంది, ఆగకుండా తియ్యటి వాసన వేసే తెల్లపొగ వస్తే కూలెంట్.

స్కానర్ పెట్టినప్పుడు కోడ్‌లు లేవని సంతోషపడి ఆగకండి. రెడీనెస్ మానిటర్లు (బండి తనని తాను చేసుకునే పరీక్షలు) చూడండి. చాలావరకు పూర్తి కాలేదని చూపిస్తే, మీరు వచ్చేముందే ఎవరో చెక్ ఇంజిన్ లైట్ చెరిపేశారు. డాలస్, కాలిన్, డెంటన్, హ్యారిస్, ఫోర్ట్ బెండ్, ట్రావిస్ లాంటి కౌంటీల్లో ఎమిషన్ పరీక్ష ఇప్పటికీ ఉంది. 2025 జనవరి నుంచి టెక్సస్‌లో సొంత బళ్ళకి సేఫ్టీ తనిఖీ తీసేశారు కాబట్టి బ్రేకులు, లైట్లు సరిగ్గా ఉన్నాయని చెప్పే మనిషి ఇప్పుడు మీరే.

కనీసం అరగంట నడపండి. ఊళ్ళో నెమ్మదిగా ఆగుతూ, హైవే మీద 70లో, ఖాళీ చోట గట్టిగా బ్రేక్ కొట్టి. 40, 50 మైళ్ళ వేగంలో కాలు తేలిగ్గా పెట్టి వణుకు కోసం చూడండి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే కంకర దారి మీదో గడ్డి మీదో 4హెచ్ (ఫోర్ వీల్ హై) వేయండి. పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టి 4ఎల్ (ఫోర్ వీల్ లో రేంజ్) కూడా వేయండి. ఎండిన తారు రోడ్డు మీద 4హెచ్‌లో బండిని పూర్తిగా తిప్పకండి, డ్రైవ్ భాగాలు బిగుసుకుంటాయి.

ఇదంతా బాగుందనిపించినా మీకు సంబంధం లేని మెకానిక్‌కి చూపించండి. రెండు వందల డాలర్ల చుట్టూ అవుతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళనివ్వని ఓనర్‌తో ఇంకేం మాట్లాడక్కర్లేదు.

7. బేరం, టైటిల్, పన్ను

కెల్లీ బ్లూ బుక్, ఎడ్మండ్స్ ధరలు చూసుకుని, మీ జాబితాలోని లోపాలకి ఒక్కోదానికి ఎంతవుతుందో రాసుకుని కూర్చోండి. "కొంచెం తగ్గించండి" అంటే ఇక్కడ పని జరగదు. "టైర్లు 2018వి, ముందు బ్రేకులు అయిపోయాయి, మెకానిక్ 1,900 అన్నాడు" అంటే జరుగుతుంది. డీలర్ దగ్గరైతే నెల వాయిదా మీద మాట్లాడకండి. పన్ను, ఫీజులు అన్నీ కలిపి ఔట్ ద డోర్ ధర కాగితం మీద అడగండి. అద్దానికి అంటించిన బయ్యర్స్ గైడ్‌లో యాజ్ ఈజ్ (ఉన్నది ఉన్నట్టు) అని ఉంటే, గేటు దాటాక ఏం చెడినా మీదే భారం. మూడు రోజుల్లో తిరిగి ఇచ్చేయొచ్చన్నది టెక్సస్‌లో బళ్ళకి వర్తించని మాట.

సొంత ఓనర్ దగ్గర టైటిల్ మీద పేరు, డ్రైవింగ్ లైసెన్స్ మీద పేరు ఒకటేనా చూడండి. "మా బావమరిది బండి, నేను అమ్మి పెడుతున్నాను" అంటే లైసెన్స్ లేకుండా బళ్ళ వ్యాపారం చేసే మనిషి కావచ్చు. అప్పుడు టైటిల్ మీద పేరున్న మనిషే రావాలని అడగండి. టైటిల్ మీద ఉన్న విన్, అద్దం కింద ఉన్న విన్, తలుపు స్టిక్కర్ మీద విన్ మూడూ కలవాలి. లోన్ ఇంకా తీరకపోతే డబ్బు ఓనర్ చేతికి కాకుండా, ఆయన బ్యాంకు శాఖకి ఇద్దరూ వెళ్ళి అక్కడే కట్టండి. రీబిల్ట్ టైటిల్ (సాల్వేజ్ బండిని బాగుచేశాక ఇచ్చేది) ఉన్నది ఎంత చవగ్గా వచ్చినా మొదటి ట్రక్‌గా వద్దు. ఇన్సూరెన్స్‌కీ ఇబ్బంది, మళ్ళీ అమ్మడానికీ ఇబ్బంది.

అన్నీ కుదిరితే ఇద్దరూ కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసులోనే బదిలీ చేసుకోవడం అన్నింటికంటే నమ్మకమైన దారి. 130-యూ ఫారం మీద ఇద్దరి సంతకాలు ఉండాలి, 30 రోజుల లోపు ఇవ్వాలి. పన్ను 6.25 శాతం. అయితే సొంత ఓనర్ దగ్గర కొన్నప్పుడు మీరు రాసిన ధర మీదే పన్ను వేస్తారనుకోకండి. రాష్ట్రం ఆ బండికి ఒక ప్రామాణిక విలువ కట్టి ఉంచుతుంది. మీ ధర, ఆ విలువలో 80 శాతం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద పన్ను. మీరు 18,000కి కొన్నారు, రాష్ట్రం విలువ 25,000 అయితే 20,000 మీద లెక్కేసి 1,250 డాలర్లు కట్టమంటారు. ఆ విలువ రాష్ట్ర మోటారు వాహనాల శాఖ టీఎక్స్‌డీఎంవీ సైట్‌లో విన్, మైలేజీ కొట్టి ముందే చూసుకోవచ్చు.

ఇన్సూరెన్స్ ఏజెంట్‌కి విన్ ఇచ్చి కోట్ తీసుకోవడం కూడా డబ్బు చేతులు మారకముందే చేయండి. కారు ప్రీమియం చూసి ట్రక్‌కీ అంతే అనుకునేవాళ్ళు ఎక్కువ.

8. ఇంటికి వచ్చాక మొదటి వారం

ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ వెంటనే మార్చండి. రశీదు లేనివాటిని చేయించలేదనే అనుకోండి: ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్, ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు వెనక డిఫరెన్షియళ్ళు, కూలెంట్. దీనికోసం బండి ధర కాకుండా 1,500 నుంచి 2,000 డాలర్లు పక్కన పెట్టుకుని ఉండాలి. పెండింగ్‌లో ఉన్న రీకాల్‌లు డీలర్ ఉచితంగా చేస్తాడు, ఎన్నో ఓనర్ అన్నదానితో పని లేదు. భాగాలకి నెలల తరబడి ఆగాల్సి రావచ్చు కాబట్టి మొదటి రోజే వరసలో పేరు రాయించండి.

కొత్త బళ్ళలో పాత ఓనర్ ఫోన్ యాప్‌కి బండి ఇంకా తగిలించే ఉంటుంది. ఫోర్డ్‌పాస్ లాంటివాటితో ఆయన తలుపులు తీయగలడు, బండి ఎక్కడుందో చూడగలడు. స్క్రీన్ సెట్టింగుల్లోకి వెళ్ళి మాస్టర్ రీసెట్ చేసి, మీ పేరుతో కొత్తగా నమోదు చేసుకోండి. గ్యారేజ్ తలుపు బటన్లలో ఆయన ఇంటి కోడ్ ఉంటే అదీ చెరిపేయండి. అద్దం మీద పాత టోల్‌ట్యాగ్ స్టిక్కర్ మిగిలి ఉంటే గీకేసి, మీ టోల్ ఖాతాలో కొత్త ప్లేట్ నంబర్ ఎక్కించండి.

ట్రైలర్ లాగాలనుకుంటే మొదటిసారి ఖాళీ ట్రైలర్‌తో, ఆదివారం పొద్దున, మూసి ఉన్న షాపుల పార్కింగ్‌లో వెనక్కి తోలడం నేర్చుకోండి. స్టీరింగ్ కింది భాగాన్ని పట్టుకుంటే చెయ్యి ఎటు కదిలితే ట్రైలర్ వెనక భాగం అటు వెళ్తుంది.